ఊళ్లోకి వచ్చాక ఎక్స్‌ప్రెస్‌కు తొందరెందుకు?

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ అనే లోకల్ రైళ్ల ప్రస్తావన వస్తే ఆ సంభాషణ రెండు వాక్యాల్లోనే ముగిసిపోవడం చాలాకాలంగా చూస్తున్నాను. రైళ్లు చాలవని, ఉన్నవి వేళకు రావని ప్రయాణికులు అంటారు. దూరప్రాంత రైళ్లు పోయే పట్టాల మీదే లోకల్ రైళ్లూ నడవాలి కాబట్టి ఇంతకన్నా కుదరదని రైల్వేవారు అంటారు. రెండూ నిజాలే. అయితే ఆ రెండో మాటను మనం మరీ తేలిగ్గా ఒప్పేసుకున్నామని నా అభిప్రాయం. పట్టాలు ఎన్ని ఉన్నాయన్నది ఒక ప్రశ్న. ఉన్న పట్టాల మీద ఏ బండిని ఏ వరుసలో, ఎంత వేగంతో పంపుతున్నామన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి వేల కోట్ల రూపాయలు, భూసేకరణ, కనీసం పదేళ్ల కాలం కావాలి. రెండోదానికి కాగితం మీద ఒక కొత్త టైంటేబుల్, దాన్ని రోజూ పాటించే పట్టుదల కావాలి. రద్దీ వేళల్లో నగరం హద్దులోకి వచ్చిన ఏ దూరప్రాంత రైలైనా లోకల్ రైలు నడకతోనే నడవాలని, తన వంతు నిమిషాన్ని తప్పి వచ్చిన బండే ఆగాలి తప్ప దానికోసం లోకల్ ఆగకూడదని ఈ వ్యాసంలో వాదించబోతున్నాను. వినడానికి ఇది ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుడికి అన్యాయంలా అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అతను పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు.

ఎంఎంటీఎస్ పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. 2003 ఆగస్టు 9న అది మొదలైనప్పుడు దాని గొప్పతనమంతా చవకలోనే ఉంది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన నిజాం కాలపు మార్గం, హుస్సేన్‌సాగర్ దగ్గర దాని నుంచి నాంపల్లికి చీలే శాఖ, సికింద్రాబాద్ నుంచి కాచిగూడ మీదుగా ఫలక్‌నుమా వైపు వెళ్లే లైను అప్పటికే ఉన్నాయి. వాటికి విద్యుత్ తీగలు వేసి, మధ్య మధ్య చిన్న స్టేషన్లు కట్టి, ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం పంచుకుని లోకల్ బండ్లు నడిపారు. సొంత పట్టాలు వేసుకున్న మెట్రో 2017లో గానీ రాలేదు. వచ్చాక దాని టికెట్ ఎంతో, ఎంఎంటీఎస్ 5 రూపాయల టికెట్ ఎంతో అందరికీ తెలుసు. 816 కోట్ల రూపాయల అంచనాతో తలపెట్టిన రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రం భరించాలన్నారు. ఆ వాటా డబ్బు మీద ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాక 2019లో తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురం, 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్, 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లి దారులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. కోవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. 2020 మార్చిలో అన్నీ ఆగిపోయి, 2021 జూన్‌లో పదింటితో మళ్లీ మొదలయ్యాయి. అప్పటి నుంచి పటం మీద గీతలు పొడవయ్యాయి గానీ, హఫీజ్‌పేట ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి తర్వాతి బండి కోసం చూసే ఎదురుచూపు ఆ మేరకు తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో అర్థం కావాలంటే బండ్ల రాకపోకలను నడిపించే రైల్వే కంట్రోల్ ఆఫీసులో గీసే గ్రాఫును చూడాలి. దాన్ని ఎవరైనా ఇంట్లో గళ్ల కాగితం మీద గీసుకోవచ్చు. నేను గీసుకున్నాను, ఒక మధ్యాహ్నమంతా అందులోనే గడిచిపోయింది. అడ్డంగా గంటలు, నిమిషాలు వేస్తారు, నిలువుగా స్టేషన్లు వేస్తారు. ప్రతి బండీ ఒక ఏటవాలు గీత. వేగంగా పోయే బండి గీత నిటారుగా లేస్తుంది, నెమ్మదిగా పోయేది పక్కకు వాలి ఉంటుంది, స్టేషన్‌లో ఆగినప్పుడల్లా గీత కాస్త అడ్డంగా నడిచి మళ్లీ పైకి ఎక్కుతుంది. ఒకే లైను మీద ఒకే దిక్కుకు పోయే రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించకూడదు. ఖండించాలంటే ఆ చోట పక్కకు చీలి మళ్లీ కలిసే లూప్ లైను ఉండి, ముందున్న బండి అందులోకి తప్పుకుని, వెనకదాన్ని పోనిచ్చి, ఆ తర్వాత బయటికి రావాలి. లింగంపల్లికీ సికింద్రాబాద్‌కూ మధ్య ఉన్న చందానగర్, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్ వంటి చిన్న స్టేషన్లలో అటొక లైను, ఇటొక లైను, వాటి పక్కన ప్లాట్‌ఫాంలు, అంతే. లోకల్ ముందు బయల్దేరితే ఎక్స్‌ప్రెస్ దాని వెనకే రావాలి. ఇరుకు సందులో ఎద్దుబండి వెనక చిక్కుకున్నాక కారు ఎంత కొత్తదైనా ఒకటే.

ఇప్పుడు ఆ గ్రాఫు మీద కొన్ని అంకెలు పెట్టి చూద్దాం. లెక్క తేలిక కావడానికి దారి పొడవు 24 కిలోమీటర్లు అనుకుందాం; లింగంపల్లి, సికింద్రాబాద్ మధ్య దూరానికి ఇది ఇంచుమించు సమానం. అన్నిచోట్లా ఆగే లోకల్‌కు 45 నిమిషాలు, ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్‌కు 25 నిమిషాలు పడతాయనీ, రెండు బండ్ల మధ్య కనీసం 5 నిమిషాల ఎడం ఉండాలనీ అనుకుందాం. లోకల్ వెనక ఎక్స్‌ప్రెస్ వెంటనే బయల్దేరితే దారిలోనే దాన్ని అందుకుంటుంది, కాబట్టి ఎక్స్‌ప్రెస్ 25 నిమిషాలు ఆగి బయల్దేరాలి. ఎక్స్‌ప్రెస్ వెనక లోకల్ మాత్రం 5 నిమిషాలకే బయల్దేరవచ్చు. ఇలా ఒకదాని తర్వాత ఒకటిగా పంపితే ఒక్కో జతకు 30 నిమిషాలు ఖర్చవుతాయి, అంటే గంటకు నాలుగే బండ్లు, అందులో లోకళ్లు రెండు. అవే పట్టాల మీద అన్నీ లోకళ్లే అయితే గంటకు పన్నెండు పోతాయి. పట్టాలు మారలేదు, సిగ్నళ్లు మారలేదు, ఒక్క రైలు కూడా ఆలస్యం కాలేదు. వేగాల్లోని తేడా ఒక్కటే మూడింట రెండు వంతుల సామర్థ్యాన్ని మింగేసింది.

దీనికి కంట్రోలర్లకు బాగా తెలిసిన ఒక విరుగుడు ఉంది, అదేమిటంటే ఒకే రకం బండ్లను గుంపు కట్టి పంపడం. ఆరు లోకళ్లను వరుసగా పంపి, తర్వాత రెండు ఎక్స్‌ప్రెస్‌లను ఒకదాని వెనక ఒకటి పంపితే గంటకు ఎనిమిది బండ్లు పోతాయి. రోజువారీ నివేదికలో ఇది బాగా కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి మాత్రం ఐదేసి నిమిషాలకు వరుసగా ఆరు బండ్లు వచ్చి, తర్వాత 35 నిమిషాలు ఏదీ రాదు. రోజుకు ఇన్ని సర్వీసులని ప్రకటించే లెక్కలను నేను ఎన్నడూ పూర్తిగా నమ్మకపోవడానికి కారణం ఇదే. నగర రైలుకు ప్రాణం సంఖ్యలో లేదు, సమానమైన ఎడంలో ఉంది.

ఇక మూడో దారి ఎక్స్‌ప్రెస్‌ను నెమ్మదింపజేయడం. అదే 24 కిలోమీటర్లను ఎక్స్‌ప్రెస్ 25 నిమిషాలకు బదులు 35 నిమిషాల్లో నడిస్తే జతకు 20 నిమిషాలు చాలు, గంటకు మూడు లోకళ్లు, మూడు ఎక్స్‌ప్రెస్‌లు సమానమైన ఎడంతో పోతాయి. 40 నిమిషాల్లో నడిస్తే ప్రతి 15 నిమిషాలకు ఒక లోకల్, దాని వెంట ఒక ఎక్స్‌ప్రెస్. లోకల్‌తో పూర్తిగా సమానం చేస్తే గంటకు పన్నెండు వంతులు, అంటే పన్నెండు బండ్లకు చోటు దొరుకుతుంది, అందులో ఆరింటిని లోకల్‌కు ఇచ్చి పది నిమిషాలకొక బండి నడిపినా మిగతా ఆరు దూరప్రాంత రైళ్లకు మిగులుతాయి. ఎక్స్‌ప్రెస్‌కు రద్దీ గంటల్లో పడే అదనపు సమయం పది నుంచి ఇరవై నిమిషాలు. విశాఖపట్నం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పది నిమిషాలు ఎంత? బేగంపేటలో దిగి ఆఫీసుకు పోవాల్సిన మనిషికి పది నిమిషాలకొక బండి ఉండటానికీ, అరగంటకొక బండి ఉండటానికీ తేడా ఎంత? ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడానికి నాకైతే సంకోచం లేదు.

పైగా ఆ పది నిమిషాలు ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుడు ఇప్పటికే కడుతున్నాడు. దూరప్రాంత రైళ్ల టైంటేబుల్‌లో చివరి స్టేషన్‌కు ముందు కొంత మిగులు సమయం కలిపి ఉంచడం మన రైల్వేలో పాత అలవాటు. దారిలో ఎక్కడైనా ఆలస్యమైతే చివర్లో సర్దుకోవచ్చని, చేరాల్సిన చోటుకు వేళకు చేరినట్టు లెక్క తేలుతుందని ఆ ఏర్పాటు. అందుకే వేళకు నడిచిన బండి నగరం అంచుకు ముందుగానే వస్తుంది, ప్లాట్‌ఫాం ఖాళీ ఉండదు, స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, అంటే ఔటర్‌లో ఆగిపోతుంది. సికింద్రాబాద్‌కు రైల్లో వచ్చిన ప్రతివాళ్లకూ మౌలాలి దాటాక కదలని బోగీ తలుపు దగ్గర సామాన్లతో నిలబడటం అనుభవమే. సగంమంది అక్కడే దిగి పట్టాల వెంట నడిచిపోవడం కూడా చూసి ఉంటారు. మిగులు నిమిషాలు ఎలాగూ ఉన్నాయి. వాటిని చివర్లో నిలబడటానికి ఖర్చు చేయడం కన్నా, నగరం పొడవునా నెమ్మదిగా నడవడానికి ఖర్చు చేస్తే బండి చేరే సమయం మారదు, దాని ముందూ వెనకా లోకళ్లకు చోటు దొరుకుతుంది.

బేగంపేట పాదచారుల వంతెన మీద ఒక సాయంత్రం నిలబడి ఈ సంగతిని కళ్లారా చూశాను. లింగంపల్లి వైపు నుంచి లోకల్ వచ్చింది, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ తలుపుల దగ్గర తోసుకున్నారు, బండి కదిలింది. దాని వెనక దూరంగా ఒక ఎక్స్‌ప్రెస్ ఇంజను దీపం కనిపించింది. కనిపించింది గానీ దగ్గరకు రాలేదు. కాసేపు కదిలి ఆగింది, మళ్లీ కదిలి మళ్లీ ఆగింది. సిగ్నల్ పసుపుకు మారాక మెల్లగా పాకుతూ ప్లాట్‌ఫాంలోకి వచ్చింది. ఆ ఎక్స్‌ప్రెస్ ఆ సాయంత్రం నిజానికి లోకల్ నడకతోనే వచ్చింది. కాకపోతే ఒక తీరుగా కాకుండా కుదుపులతో వచ్చింది. ఇరవై రెండు బోగీల బండిని ఆపి మళ్లీ వేగం పుంజుకునేలా చేయడానికి పట్టే సమయం, కరెంటు రెండూ వృథా. అంటే నేను అడుగుతున్న నెమ్మదితనం కొత్తది కాదు, ఇప్పటికే జరుగుతున్న దాన్ని ముందుగా రాసుకొమ్మని మాత్రమే అడుగుతున్నాను.

ఉదయం కన్నా సాయంత్రం కష్టం. ఉదయం పూట కోస్తా నుంచి, రాయలసీమ నుంచి వచ్చే రాత్రి బండ్లలో ఎక్కువ భాగం వేళకు నడిస్తే ఆఫీసు రద్దీకి ముందే నగరంలోకి వచ్చేస్తాయి. వాటిలో ఏదైనా రెండు గంటలు ఆలస్యమైతేనే గొడవ. సాయంత్రం అలా కాదు. విశాఖకో, తిరుపతికో, కాకినాడకో తెల్లవారేసరికి చేరాలంటే ఇక్కడ సాయంత్రం ఐదుకూ రాత్రి తొమ్మిదికీ మధ్యే బయల్దేరాలి. ఆఫీసులు వదిలే వేళ కూడా అదే. పడమటి కాలనీల వాళ్లకు సౌకర్యంగా ఉంటుందని గౌతమి, నారాయణాద్రి వంటి బండ్లను లింగంపల్లి నుంచి నడపడం మొదలుపెట్టారు. మియాపూర్, కూకట్‌పల్లి కుటుంబాలకు అది నిజంగా పెద్ద మేలు. పండగలకు ఊరికి పోయేటప్పుడు సంచులతో, పిల్లలతో సికింద్రాబాద్ దాకా ఆటోలో పోవడం ఎంత బాధో తెలిసినవాళ్లెవరూ దాన్ని తీసేయమనలేరు. కానీ అలాంటి ప్రతి బండీ సాయంత్రం రద్దీలో ఎంఎంటీఎస్ దారి మొత్తాన్ని ఒకసారి తొక్కుకుంటూ పోతుంది. బండి నింపుకుని పోవడం ఒక్కటే కాదు, బయల్దేరే చోటికి ఖాళీ బోగీలు వెళ్లాలంటే దానికీ ఒక వంతు కావాలి. ఆ ఖాళీ బోగీల రాకను రద్దీ వేళల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ అనుమతించకూడదని, మధ్యాహ్నమే తెచ్చి నిలపాలని నేనంటాను. దానికి లింగంపల్లిలో నిలిపే లైన్లు చాలవంటే, మూడో లైను కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడే.

ఇక ఆలస్యపు బండి సంగతి. వేళ తప్పి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ముందుకు రావడానికి లోకల్‌ను ఆపడం సహజమైన మానవత్వంలాగే కనిపిస్తుంది. పాపం, రాత్రంతా ప్రయాణం చేసినవాళ్లు, ఇప్పటికే రెండు గంటలు ఆలస్యం, ఇంకా ఆపడమేమిటి? మనుషుల లెక్కన చూసినా అందులో తప్పు కనిపించదు, ఎందుకంటే కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లో ఉండేవాళ్లకూ, రద్దీ వేళ లోకల్‌లో ఉండేవాళ్లకూ సంఖ్యలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా మరోచోట ఉంది. రెండు గంటలు ఆలస్యమైన మనిషి మరో పది నిమిషాల వల్ల తన ప్రణాళికను మార్చుకోడు, ఆ ప్రణాళిక ఎప్పుడో మారిపోయింది. లోకల్ పది నిమిషాలు ఆగితే దాని వెనక బండి కూడా ఆగుతుంది, ముందున్న ఎడంలో ప్లాట్‌ఫాంల మీద జనం పోగవుతారు, ఆ జనం ఎక్కడానికి ప్రతి స్టేషన్‌లోనూ మరికొంత సమయం పడుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఎప్పుడు ఆగుతుందో తెలియని బండి మీద ఆధారపడ్డవాళ్లు ఆగని రోజు కూడా ఆ నష్టాన్ని కడతారు. వారానికి ఒక్కసారి అరగంట ఆలస్యమయ్యే బండి కోసం ఉద్యోగి వారంలో అన్ని రోజులూ అరగంట ముందు ఇల్లు విడుస్తాడు. కొన్నాళ్లకు విసిగి స్కూటర్ కొనుక్కుంటాడు. తర్వాత లోకల్ ఖాళీగా పోతోందని, దాని కోసం ఎక్స్‌ప్రెస్‌ను ఆపడం ఎందుకని అడగడానికి ఆ ఖాళీ సీట్లే సాక్ష్యంగా చూపిస్తారు.

ఇక్కడ ఎదురు వాదానికి ఒక బలమైన అంశం ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. మధ్యాహ్నం రెండింటికి పాతికమందితో తిరిగే లోకల్, జనరల్ బోగీలో తలుపు దాకా జనం వేలాడే దూరప్రాంత బండిని ఆపడం న్యాయం కాదు. లోకల్ అన్న పేరుతో రోజంతా ప్రాధాన్యం అడగడం లేదు నేను. ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా పట్టాలు ముందుగా లోకల్‌వి. మిగతా వేళల్లో లోకల్‌ను అరగంటకొకటిగా తగ్గించినా ఫరవాలేదు, గడియారంలో అవే నిమిషాలకు రావాలి, అంతే. గూడ్సు బండ్లకు రాత్రి ఉంది. వందేభారత్‌లను కూడా ఈ నియమం నుంచి మినహాయించకూడదన్నది నా అభిప్రాయం. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ 2023 సెప్టెంబరు నుంచి ఫలక్‌నుమా లైను మీదుగానే పోతోంది. నగరం దాటాక అది ఎంత వేగంగా పోయినా ఎవరికీ అభ్యంతరం లేదు. మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా మధ్య ఇళ్ల గోడల పక్కన దానికి ప్రత్యేకంగా దారి ఖాళీ చేయించడం వల్ల మిగిలే నిమిషాలు బెంగళూరు ప్రయాణంలో ఎక్కడా కనిపించవు.

ముంబయిని చూడమంటారు అందరూ. చూడాల్సిందే, కానీ ముంబయి నుంచి సాధారణంగా నేర్చుకునే పాఠం కొత్త పట్టాలది. నిజమే, అక్కడ ఫాస్ట్ లైన్లు, స్లో లైన్లు వేరు. దూరప్రాంత రైళ్లకు ఐదో, ఆరో లైన్లు వేస్తూ వచ్చారు, ఠాణే–దివా మధ్య అవి 2022 ఫిబ్రవరిలో గానీ అందుబాటులోకి రాలేదు. మనకు అంత డబ్బూ, చోటూ ఇప్పట్లో దొరకవు. ముంబయి నుంచి తీసుకోవాల్సింది పట్టాలను కాదు, ఉదయం రద్దీలో లోకల్‌కే మొదటి హక్కు అన్న అలవాటును. వేళ తప్పి వచ్చిన మెయిల్ బండి అక్కడ లోకళ్ల వెనక పడిగాపులు కాయడం ముంబయి వెళ్లే మనవాళ్లు చాలామందికి తెలుసు. పట్టాలు వేరుగా లేని చోట పరిస్థితి ఎలా ఉంటుందో చూడాలంటే కల్యాణ్ దాటి కసారా వైపు పోవాలి, లేదా మన సరిహద్దులోనే సూళ్లూరుపేటకు పోవాలి. చెన్నై లోకళ్లు గుమ్మిడిపూండి దాకా తరచుగా నడుస్తాయి, సూళ్లూరుపేట దాకా వచ్చేవి తక్కువ. అదే దారి మీద విజయవాడ వైపు నుంచి చెన్నైకి పోయే బండ్లన్నీ ఉన్నాయి. తడ దగ్గర ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు, శ్రీహరికోట ఉద్యోగులకు ఆ కొద్దిపాటి లోకళ్లే ఆధారం.

పట్టాలు పంచుకుంటూనే వేళలు తప్పకుండా నడిపే చోట్లలో నాకు బాగా నచ్చినది స్విట్జర్లాండ్. 1982లో ఆ దేశమంతటా గంట గంటకూ అవే నిమిషాలకు రైళ్లు నడిచే టైంటేబుల్ పెట్టారు, 1990లో జ్యూరిక్ నగర రైళ్లు అదే పద్ధతిలో మొదలయ్యాయి. ముందు నిమిషాలు నిర్ణయించుకుని, ఆ నిమిషాలకు ఎక్కడ లైను చాలదో అక్కడే డబ్బు ఖర్చు పెట్టడం వాళ్ల పద్ధతి. మన దగ్గర ముందు లైను వేసి, రిబ్బను కత్తిరించి, తర్వాత దాని మీద ఏ బండి నడపాలా అని ఆలోచిస్తాం. మౌలాలి–సనత్‌నగర్ దారి విషయంలో జరిగింది అదే.

ఆ దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సుమారు 22 కిలోమీటర్ల ఆ మార్గం సికింద్రాబాద్ స్టేషన్‌ను తప్పించి, అమ్ముగూడ, సుచిత్ర ప్రాంతాల మీదుగా నగరాన్ని ఉత్తరం వైపు నుంచి చుట్టి పోతుంది. గతంలో అది గూడ్సు బండ్ల ఒంటి లైను. రెండో దశలో దాన్ని జంట లైనుగా మార్చారు. అంతలో 2025 జనవరి 6న సుమారు 413 కోట్ల రూపాయలతో కట్టిన చర్లపల్లి టెర్మినల్ తెరుచుకుంది, సికింద్రాబాద్ స్టేషన్‌ను పడగొట్టి కట్టే పని కూడా తోడై చాలా బండ్లు అటు మళ్లాయి; జన్మభూమి వంటి బండ్లు చర్లపల్లి నుంచి ఈ ఉత్తరపు దారిలోనే లింగంపల్లికి పోతున్నాయి. దూరప్రాంత రైళ్లు నగరం నడిబొడ్డును వదిలి అంచుకు జరగడం నా వాదానికి అనుకూలమైనదే. అయితే రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, చర్లపల్లిలో తెల్లవారుజామున నాలుగున్నరకు దిగినవాడికి ఊళ్లోకి తీసుకెళ్లే లోకల్ ఉండాలి. లేకపోతే రైలు టికెట్ కన్నా ఎక్కువ డబ్బు ఆటోకు పోస్తాడు, ఎక్స్‌ప్రెస్‌ను మళ్లీ సికింద్రాబాద్‌కు తెమ్మని ఎంపీకి అర్జీ పెడతాడు, ఆయన తప్పకుండా తెస్తాడు కూడా. ఈ దేశంలో స్టాపింగ్ కోసం వచ్చిన అర్జీకి ఉన్న బలం మరే కాగితానికీ లేదు.

రెండో షరతు ఇంకా ముఖ్యం. ఒక ఎక్స్‌ప్రెస్ చర్లపల్లికి మళ్లినప్పుడు సికింద్రాబాద్–లింగంపల్లి మధ్య, సికింద్రాబాద్ ప్లాట్‌ఫాంల మీద ఖాళీ అయిన నిమిషాలను ఆ రోజే ఎంఎంటీఎస్ పేరున రాసేయాలి. టైంటేబుల్‌లో ఖాళీ ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. ఆ చోటు మరొక కొత్త రైలుకు, దాని పచ్చజెండా సభకు పోతుంది. లోకల్‌కు అలాంటి సభలు ఉండవు, ఉన్న దారిలోనే ఇరవై నిమిషాలను పదిహేను చేస్తే ఏ మంత్రీ వచ్చి జెండా ఊపడు. రాష్ట్రం మూడింట రెండు వంతుల డబ్బు పెట్టిన చోట ఆ డబ్బుకు బదులుగా లైను పొడవు కాకుండా, రద్దీ గంటకు ఇన్ని వంతులని రాతపూర్వకంగా అడిగి ఉండాల్సింది. ఇకముందు ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి వైపు పొడిగింపు గురించి మాట్లాడేటప్పుడైనా ఆ మాట ఒప్పందంలో ఉండాలి.

ఎక్స్‌ప్రెస్‌ను నెమ్మదిగా నడపడం ప్రయాణికుడికి ఉపయోగపడే పద్ధతి ఒకటి ఉంది. ఎలాగూ 35, 40 నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి దాన్ని నగరంలోనే మరో రెండు చోట్ల ఆపవచ్చు. లింగంపల్లి, బేగంపేటల్లో కొన్ని బండ్లు ఇప్పటికే ఆగుతున్నాయి. హైటెక్ సిటీ దగ్గర కూడా ఆగితే సికింద్రాబాద్‌లో దిగి వెనక్కి వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, ప్లాట్‌ఫాం మీద బండి నిలబడాల్సిన సమయమూ తగ్గుతుంది. దీనికి ఇరవై రెండు బోగీలు పట్టే ప్లాట్‌ఫాం కావాలి. చిన్న స్టేషన్లను లోకల్‌కు సరిపడా కట్టారు కాబట్టి ప్లాట్‌ఫాం పొడిగింపు తప్పదు. అయినా అది మూడో లైనుతో పోలిస్తే చిల్లర ఖర్చు.

ఇంతా చెప్పి, గీతల వాలు సమానం చేసినంతమాత్రాన తీరని చిక్కు ఒకటి ఉందని కూడా చెప్పాలి. నా గ్రాఫు ఒకే లైను మీద ఒకే దిక్కుకు పోయే బండ్లది. హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర లింగంపల్లి నుంచి వచ్చి నాంపల్లికి తిరిగే బండి, సికింద్రాబాద్ నుంచి బేగంపేటకు వస్తున్న బండి దారిని అడ్డంగా దాటుతుంది. అది దాటేదాకా అవతలి బండికి ఎర్ర దీపమే. సికింద్రాబాద్ దగ్గర ఇది ఇంకా ఎక్కువ. వాడీ, కాజీపేట, నిజామాబాద్, కాచిగూడ వైపు లైన్లన్నీ అక్కడ కలుస్తాయి, లింగంపల్లి నుంచి ఫలక్‌నుమాకు పోయే లోకల్ ఆ గుంపు మధ్య నుంచే దారి చేసుకోవాలి. సీతాఫల్‌మండి వైపు తిరిగే ముందు అది ఆగేది ఎక్స్‌ప్రెస్ వేగం వల్ల కాదు, ఒక బండి మరో బండి దారికి అడ్డు రావడం వల్ల. దీనికి టైంటేబుల్ మందు కొంతవరకే పనిచేస్తుంది. రెండు దిక్కుల నుంచి వచ్చే బండ్లు ఒకే నిమిషంలో ఆ చోటుకు రాకుండా నిమిషాలు కుదర్చవచ్చు, కానీ ఒక్క బండి నాలుగు నిమిషాలు తప్పినా ఆ కూర్పు చెదిరిపోతుంది. ఒక లైను మీదుగా మరో లైను వంతెన ఎక్కి దాటితే తప్ప అది పూర్తిగా తీరదు. నగరంలో రైల్వే కోసం పెద్ద డబ్బు అడిగే అవకాశం ఒక్కసారే వస్తే, పొలిమేరల్లో మరో కొత్త స్టేషన్‌కు బదులుగా సికింద్రాబాద్, సీతాఫల్‌మండి మధ్య అలాంటి ఒక వంతెనకు అడుగుతాను.